స్వీడను దేశపు పాత వేట తుపాకులు: వాని భేదములను గుర్తించు విధము

పాత వస్తువును పరీక్షించి దాని పుట్టుకను నిర్ణయించు విద్య మనకు క్రొత్తది కాదు. తామ్రశాసనము దొరకినప్పుడు అందు వ్రాసిన తిథివారములను మాత్రమే నమ్మి ఊరకుండక, లిపి తీరును, రాజముద్రను, రేకులను కూర్చిన కడియమును పరిశీలించి, ఇది ఆనాటి శాసనమే యగునా, లేక తరువాతివారు భూమికొరకు కల్పించినదా యని మన చరిత్రకారులు తేల్చుచు వచ్చిరి. ఆ పరీక్షనే ఉక్కుతోను కొయ్యతోను చేసిన వస్తువులకును వర్తింపజేయవచ్చును. అందులకు స్వీడను దేశమున తయారైన పాత వేట తుపాకులు మంచి నిదర్శనము. దొంగ శాసనమును నిజమని నమ్మినవాడు కోర్టులో ఓడిపోవును. తుపాకి జాతిని పొరపడినవాడు కన్నో, చేయియో పోగొట్టుకొనును. కావున ఈ విషయమును వట్టి వినోదముగా గాక కొంత నిదానముగా చర్చింపవలసి యున్నది.

ఈ తుపాకులలో అధికభాగము హస్క్‌వర్నా కర్మాగారమున పుట్టినవి. ఈ పేరు మనవారికి మోటారు సైకిళ్లవలన కొంత పరిచితమే. 2020లో ఆ పేరిటి బండ్లు భారతదేశములో అమ్మకమునకు వచ్చినవి. కాని బండ్లు చేయుటకు రెండు శతాబ్దములు ముందునుండియే అచ్చట తుపాకులు చేయుచుండిరి. 1689లో, పదునొకండవ కార్లు రాజు పాలించు కాలమున, వెటర్న్ సరస్సు దక్షిణపు కొనను యోన్‌షోపింగ్ నగరమునకు చేరువనున్న జలపాతమువద్ద ప్రభుత్వపు తుపాకుల కార్ఖానా నెలకొనెను. గొట్టములకు రంధ్రము తొలుచుటకును, సానపట్టుటకును నీటి బలము కావలెను గనుక ఆ చోటు తగియుండెను. 1757లో అది ప్రైవేటువారి చేతిలోనికి పోయినది. 1867లో వాటాల సంఘమైనది. ఆ మీదట 1872లో కుట్టు మిషనులు, 1896లో సైకిళ్లు, 1903లో మోటారు సైకిళ్లు చేయనారంభించిరి. సైన్యము తుపాకులు కోరని యేండ్లలో పనివాండ్ర కడుపు నింపినవి కుట్టు మిషనులే.

పేరునుగూర్చి యొక మాట. పూర్వము అచ్చట నొక కోటయు, దానిననుసరించి యొక మరయు నుండెను. ‘హుస్’ అనగా ఇల్లు, కోట. ‘క్వార్న్’ అనగా ధాన్యము విసరు మర. ఆ రెంటి కలయికయే ఊరి పేరు. స్వీడిషు భాషలో వర్ణక్రమమును సంస్కరించినప్పుడు ‘క్యూ’ అక్షరమునకు బదులు ‘కె’ అక్షరము వచ్చినది; ఊరివారు తమ పేరును మార్చుకొనిరి, కంపెనీవారు మాత్రము పాత వర్ణక్రమమునే పట్టుకొని నిలిచిరి. ఈ సంగతి తెలియనివారు తుపాకిపై పాత అక్షరమును చూచి, అది సంస్కరణకు ముందు చేసినదని నిశ్చయించుట సంభవము. అది నిలువదు. 1943లో చేసిన తుపాకిపైనను పాత వర్ణక్రమమే కలదు. వ్రాతనుబట్టి కాలము చెప్పువారు, వ్రాసినవాని మొండితనమునుగూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ఇన్ని వేట తుపాకులు ఆ చిన్న దేశమున నేల పుట్టినవి? చలి దేశము, అడవులు మెండు, దుప్పులు మెండు, అనుట పూర్తి సమాధానము గాదు. అడవులును మృగములును గల దేశములు పెక్కు కలవు. అచ్చట వేట ప్రభువులకే చెల్లుచుండెను. స్వీడనులో 1789లో మూడవ గుస్తావు రాజు, ప్రభువర్గముతో కలహించి రైతుల పక్షమును సంపాదించుకొనదలచి, సొంత భూమిగల రైతు తన భూమిలో వేటాడవచ్చునని హక్కిచ్చెను. అప్పటినుండి వేట ఠీవిగల వినోదముగా మాత్రమే గాక, పల్లెటి కాపు ఇంటి చలికాలపు మాంసమునకు ఆధారముగా నుండెను. ‘ఎల్య్’ అని వారు పిలుచు పెద్ద కొమ్ముల దుప్పి యొకటి పడిన, పలు కుటుంబములు పంచుకొనును. కావున అచ్చటి కార్ఖానాలు బంగారపు నగిషీగల తుపాకులకంటె, రైతు కొనగల దిట్టమైన సాదా తుపాకులను విస్తారముగా చేసెను. చవుకగా నుండవలెనన్న, సైన్యమునకు చేసిన భాగములనే వేటకును వాడవలెను. ఈ తుపాకులను గుర్తించుటలోని చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది.

మొదటి తరము నల్లమందు కాలమునాటిది. 1867లో స్వీడను ప్రభుత్వము అమెరికా దేశపు రెమింగ్టను పద్ధతి నంగీకరించెను. తూటా వెనుక ఒక ఉక్కు దిమ్మ దొరలి వచ్చి మూసికొనును. దానిని సుత్తి అడ్డగించి పట్టును. రెమింగ్టనువారినుండి 10,000 తుపాకులను, 20,000 యంత్రభాగములను తెప్పించి, తరువాత హస్క్‌వర్నాలోను, ఎస్కిల్‌స్తూనాలోని కార్ల్ గుస్తావ్ ప్రభుత్వ కార్ఖానాలోను చేయ మొదలిడిరి. దాని గొట్టపు కొలత 12.17 మి.మీ. సైన్యమునకు ఇవి పనికిరాని కాలము వచ్చినప్పుడు పెక్కు తుపాకులు రైతుల యిండ్లు చేరినవి. కొన్నింటి గొట్టము నునుపుచేసి రవ్వల తుపాకులుగా మార్చిరి. అదే యంత్రముతో క్రొత్త వేట తుపాకులనుగూడ చేసిరి. వీనిని గుర్తించుట సులభము గనుక ఎక్కువ చెప్ప బనిలేదు. ఒక్క సంగతి మాత్రము మరువరాదు: 1889లో వీనిలో కొన్నింటికి 8 మి.మీ. గొట్టము లమర్చి 8×58 అంచుగల తూటాకు మార్చిరి. పైనుండి చూచిన రెండును ఒకే తుపాకివలె నుండును. గొట్టపు నోరు కొలిచినగాని భేదము తెలియదు.

రెండవ తరము మౌజరు పద్ధతి. 1894లో స్వీడను, అప్పటికి తనతో నొకే రాజు క్రింద నున్న నార్వేతో కలిసి, 6.5×55 తూటాను ఎన్నుకొనెను. తరువాత 1905లో ఆ రెండు రాజ్యములు విడిపోయినవి గాని తూటా మాత్రము రెండింటను నిలిచినది. దానికొరకు చేసిన పొట్టి తుపాకి ఎం/94. గొట్టము 450 మి.మీ. పదాతుల పొడవు తుపాకి ఎం/96. గొట్టము 739 మి.మీ. 1938లో అంగీకరించిన మధ్యస్థపు తుపాకి ఎం/38. గొట్టము 600 మి.మీ. ఈ మూడు కొలతలు జ్ఞాపకమున్న సగము పని తీరినట్లే, గొట్టమును ఎవరును కోయకుండిన.

ఎం/96 రకమును తొలుత జర్మనీలోని ఓబర్న్‌డార్ఫున మౌజరు కంపెనీ చేసి యిచ్చెను. 1899, 1900 సంవత్సరములలో వచ్చినవి సుమారు 40,000. అధికభాగమును కార్ల్ గుస్తావ్ కార్ఖానా చేసినది. హస్క్‌వర్నావారు 1942 మొదలు 1944 వరకు, ప్రపంచయుద్ధము చుట్టును మండుచుండగా, ఎం/96, ఎం/38 రెండును చేసిరి. ఎవరు చేసిరో, ఏ యేట చేసిరో తూటా గదిపైనున్న ఉక్కు వలయముమీదనే చెక్కబడి యుండును. పూర్తి వరుస సంఖ్య అచ్చటనే యుండును. ఆ సంఖ్యయొక్క చివరి మూడంకెలు బోల్టు మొదలుగా చిన్న భాగములపై నుండును. అన్ని చోట్ల అంకెలు కలిసినచో తుపాకి తన మొదటి యవయవములతో నున్నదని చెప్పవచ్చును. బోల్టు సంఖ్య మాత్రము వేరైనచో ఊరక విడువరాదు. బోల్టును గొట్టమును ఒకదానికొకటి సరిపోవునట్లు కూర్చియుందురు. వేరొకదాని బోల్టు తెచ్చి పెట్టినప్పుడు తూటా వెనుక ఎంత సందు మిగులునో కొలచి చూడవలెను.

ఈ సైనికపు తుపాకుల కొయ్యపై కుడివైపున నొక గుండ్రని యిత్తడి బిళ్ల యుండును. అది మూడు భాగములుగా విభజింపబడి యుండును. ఒకదానిలో గొట్టపు రంధ్రముయొక్క కొలత మిల్లీమీటరులో నూరవవంతు వరకు గుర్తింపబడును. ఒకదానిలో గొట్టము లోపలి తుప్పును అరుగుదలయు నెంతమేర నున్నవో గుర్తింతురు. మూడవదానిలో, మొన తేలిన క్రొత్త గుండుతో కాల్చినప్పుడు గురి ఎంత మీదికి పోవునో వ్రాయుదురు. ఎం/94 నాటి గుండు మొద్దుమొన గలది, ఎం/41 నాటి గుండు వాడిమొన గలది గనుక ఈ సవరణ అవసరమైనది. ఒక్కొక్క తుపాకికి ఒక్కొక్క జాతకమును వ్రాసి దాని యొంటిమీదనే అంటించిన ఈ ప్రభుత్వపు జాగ్రత్తను మెచ్చుకొనవలసినదే. కాని జాతకము కొయ్యకు కట్టబడినది, గొట్టమునకు గాదు. కొయ్య విరిగి మార్చినప్పుడు ఒకదాని జాతకము ఇంకొకదానికి వచ్చును. బిళ్ల చక్కగా నున్నదని గొట్టమును చూడకుండ కొనువారు, పొరుగువాని జాతకమునుబట్టి పెండ్లి నిశ్చయించినవారితో సమానులు.

ఇక అసలు విషయమునకు వత్తము. వేటకొరకే హస్క్‌వర్నావారు చేసిన బోల్టు తుపాకులను మూడు వంశములుగా తలంపవచ్చును. ఎం/96 యంత్రముమీద కట్టినది 46వ మోడలు వంశము. బెల్జియమునందలి ఎర్స్తాలునుండి ‘ఫాబ్రీక్ నాస్యోనాల్’ కంపెనీవారు చేసిన 1898 తీరు మౌజరు యంత్రములను కొని వానిమీద కట్టినది 640 వంశము. 1950వ దశకపు తొలి భాగమున తామే రూపొందించిన తేలిక యంత్రముమీద కట్టినది 1600 వంశము. 1640 అందు ప్రసిద్ధము. ఒక్కొక్క వంశమున తూటానుబట్టి, కొయ్య తీరునుబట్టి, చివరి అంకెలును అక్షరములును మారుచుండును. గొట్టముపై కంపెనీ పేరును, తూటా కొలతయు కనబడును గాని మోడలు సంఖ్యకొరకు వెదకి నిరాశపడువారే యెక్కువ. కావున యంత్రమును చూచి వంశమును తెలిసికొనుట ముఖ్యము.

అది యెట్లన: బోల్టు పిడిని పైకెత్తి వెనుకకు లాగి, తూటా లేదని కంటితోను వ్రేలితోను నిశ్చయించుకొని, మెల్లగా ముందునకు త్రోయవలెను. చివరి అంగుళములో స్ప్రింగు ఎదురు తిరిగి చేతిని నెట్టుచున్నచో, అది ఎం/96 యంత్రము; దాని సూది మూయునప్పుడు బిగియును. పిడిని పైకెత్తునప్పుడే బరువు తెలిసి, మూయునప్పుడు తేలికగా పోయినచో అది 1898 తీరు అని అనుమానింపవలెను. పిమ్మట బోల్టును వెలికి తీసి చూడవలెను. 96 బోల్టునకు తూటాను పట్టి నిలుపు పళ్లు ముందువైపున రెండే యుండును. 98 బోల్టునకు ఆ రెండుగాక వెనుకవైపు పిడి దగ్గర మూడవ పన్ను కలదు. ముందరివి విరిగినను ఇది బోల్టును ఆపుననియే దాని నుంచిరి. 98 బోల్టు వెనుకటి మూతకు వెడల్పైన అంచు కలదు. తూటా వెనుకభాగము పగిలి మంట వచ్చినప్పుడు ఆ యంచు దానిని కంటివైపు రానీయక ప్రక్కకు త్రోయును. 96లో ఆ యంచు లేదు. తూటా గదిని పొదివిన ఉక్కు వలయము 96లో సుమారు 33 మి.మీ., 98లో సుమారు 36 మి.మీ. అడ్డుకొలత కలదు.

వలయపు కొలత యొక్కటియే చాలునని కొందరందురు. చాలదు. 1600 వంశపు యంత్రమునకును సన్నని వలయమే కలదు. సన్నని వలయమును చూచి 96 అనుకొనువాడు ఇచ్చట పడును. 1640లో భద్రతమీట బోల్టు వెనుక మూతపై రెక్కవలె నిలువక, కుడిప్రక్కను ముందువెనుకలకు జరుగును. దూరదర్శిని అమర్చినప్పుడు రెక్కమీట అడ్డు వచ్చును గనుక ఈ మార్పు చేసిరి. ఇట్లు ఏ యొక్క లక్షణమును గాక మూడు నాలుగింటిని కలిపి చూచినప్పుడే వంశము తేలును. శాసనపు కాలమును ఒక్క అక్షరపు తలకట్టునుబట్టి చెప్పువారిని మనము నమ్ముదుమా?

చరిత్రకు సంబంధించిన ప్రమాణము నొకదానిని గూడ చేర్చుదుము. 1940 మే నెలలో జర్మను సైన్యములు బెల్జియము నాక్రమించినవి. 1944 వరకు ఎర్స్తాలు వారి చేతిలోనే యుండెను. ఆ యేండ్లలో బెల్జియపు యంత్రములు స్వీడనునకు యథాప్రకారము వచ్చుచుండెనని తలంచుట కష్టము. స్వదేశపు 96 యంత్రముతో వేట తుపాకి చేయవలసిన అవసరము ఆ కాలమున ఎట్టిదో ఊహింపవచ్చును. ఒక తుపాకి బెల్జియపు యంత్రముతో నుండి, అమ్మువాడు అది 1943లో చేసినదని చెప్పినచో, అడుగవలసిన ప్రశ్నలు కలవు.

ప్రాణభయము తూటాల విషయమున కలదు. స్వీడను రైతులు దుప్పివేటకు మిక్కిలి మెచ్చినది 9.3×57 తూటా. బరువైన గుండు, మితమైన వేగము. 1905లో బెర్లినులోని ఆటో బాక్ అను తుపాకిపనివాడు, ఆఫ్రికాలోని జర్మను వలసలలో నివసించువారికొరకు 9.3×62 తూటాను నిర్మించెను. రెంటి గుండు మందము ఒక్కటే. ఇత్తడి గుల్ల పొడవు మాత్రము 5 మి.మీ. భేదము, మందు బలము అంతకంటె పెద్ద భేదము. 57 గదిలో 62 తూటా పట్టదు గనుక ఆ వైపు భయము లేదు. కాని 62 గదిలో 57 తూటా వదులుగా దూరును. ఇత్తడి పగులుట కది దారి. మరియు 57 తుపాకి బలము చాలదని గదిని తొలిపించి 62గా మార్పించుకొనువారు కలరు. మార్చినవాడు గొట్టముపై పాత అంకెను చెరిపి క్రొత్తది చెక్కడు. అట్టి తుపాకి రెండు చేతులు మారినపిమ్మట కొన్నవానికి గొట్టము చెప్పునది యొకటి, గది యున్నది మరియొకటి. అందును ఆ తుపాకి 46 వంశపుదైనచో, మూడవ పన్నును, మంటను త్రిప్పు అంచును లేని యంత్రముపై ఎక్కువ బలముగల తూటాను పేల్చుట యగును. వంశనిర్ణయము వట్టి పాండిత్యము గాదని మేము మొదట చెప్పినది ఇందుకే.

8×57 విషయము ఇంకను సూక్ష్మము. జర్మనులు 1888లో ఈ తూటాను నిర్మించినప్పుడు గుండు సుమారు 8.08 మి.మీ. ఉండెను; 1905 ప్రాంతమున వాడిమొన గుండు వచ్చినప్పుడు దానిని సుమారు 8.2 మి.మీ. చేసి గొట్టపు చాళ్లను లోతు చేసిరి. గుల్ల యొక్కటే గనుక క్రొత్త తూటా పాత గొట్టములో చక్కగా దూరును. పేల్చినప్పుడు లావైన గుండు సన్నని సందులో ఇరుకుకొని ఒత్తిడి పెరుగును. రెంటిని వేరుచేయుటకు తూటా పేరు చివర ‘ఎస్’ అక్షరము చేర్చిరి. అక్షరములేని ‘8×57’ మాత్రమే చెక్కిన పాత గొట్టము కనబడినప్పుడు, అది యే దేశపుదైనను, మెత్తని సీసపు గుండును గొట్టముగుండ నడిపించి కొలచుట తప్ప వేరు దారి లేదు. తూటా గది కొలతకు గంధకమునో, తక్కువ వేడికి కరుగు మిశ్రలోహమునో పోసి, గట్టిపడిన అచ్చును తీసి కొలుతురు. ఖర్చు స్వల్పము, ఒక పూట పని.

వరుస సంఖ్యలనుబట్టి సంవత్సరము చెప్పు పట్టికలు చేతికి చేతికి తిరుగుచున్నవి. వానిని మేము త్రోసివేయము గాని, తుదిమాటగా గైకొనము. ఒక కార్ఖానా రైఫిళ్లకును రవ్వల తుపాకులకును సంఖ్యలను ఎట్లు పంచెనో తెలిసినగాని ఒంటి సంఖ్య సాక్ష్యము చాలదు. అంతకంటె నమ్మదగినవి కంపెనీ ప్రకటించిన పాత ధరల పట్టికలు. ఏ మోడలు ఏ యేట అమ్మకమునకు వచ్చెనో, ఏ తూటాకు, ఏ కొయ్యకు ఏ సంఖ్య యుండెనో అవి ఆ కాలపు మాటలలోనే చెప్పును. హుస్క్వార్నా ఊరిలో నేడు వస్తుప్రదర్శనశాల కలదు. పూర్వపు కార్ఖానా చరిత్రను అచ్చట చూడవచ్చును. వేట తుపాకుల పని మాత్రము 1970 ప్రాంతమున ప్రభుత్వ సంస్థయైన ఎఫ్.ఎఫ్.వి. చేతికి మారినది.

సైనికపు తుపాకిని ఇంటిలో కోసి వేట తుపాకిగా చేసినవియు పెక్కు కలవు. వీనిని కార్ఖానాలో చేసిన 46 మోడలుగా అమ్మజూపుదురు. సైన్యమునకు చేసిన సంవత్సరమును, కిరీటముద్రయు వలయముపై నట్లే యుండి, గొట్టపు నోరు చేతి రంపముతో కోసినట్లున్నచో మోసము బయటపడును. ఇట్లు కోసినవాని నందరిని నిందించుట న్యాయము గాదు. తక్కువ వెలకు దొరకిన సైనికపు తుపాకితో ఇంటికి మాంసము తెచ్చుకొనిన రైతు, చరిత్రకారునికొరకు దానిని భద్రపరుపవలెనని యెవరును కోరజాలరు. అతడు కోసిన గొట్టముకూడ ఒక చరిత్రయే. మాకు కోపము తెప్పించువారు వేరొకరు. పాత తుపాకిని కొని, లాభమునకై ఉక్కునంతయు రాపిడిపెట్టి, క్రొత్త నీలిరంగు నెక్కించి, ‘పూర్వస్థితికి తెచ్చితిమి’ అని అమ్మువారు. రాపిడిరాయి క్రింద లోతుగా కొట్టిన పెద్ద అక్షరములు నిలుచును. కంపెనీ పేరు నిలుచును. పరీక్షాధికారులు తేలికగా కొట్టిన పొడి అక్షరములును, వాని మీది ఆవగింజంత కిరీటములును మొదటి గంటలోనే అరిగిపోవును.